పాత ఆక్టావియా ఆర్‌ఎస్ సస్పెన్షన్: ఏ పార్టులు వేయాలి, ఏ పని ఇంట్లో చేసుకోవాలి

మా ఇంట్లో 2005 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఉంది. 1.8 లీటర్ టర్బో పెట్రోల్. నాన్న ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. చూడ్డానికి పెద్ద సెడాన్, మనసు మాత్రం స్పోర్ట్స్ కారుదే. ఒకరోజు గుంటూరు నుంచి విజయవాడ వస్తూ కాజ టోల్‌గేట్ దాటాక గట్టిగా బ్రేక్ తొక్కితే కారు ఎడమ పక్కకు లాగింది. అంతకు ముందే చిన్న గుంటలో పడినా ముందు నుంచి 'టక్' మనేది. పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ 'టంగ్' మని మోగేది. ఇక వాయిదా వేయలేను అనిపించింది.

నలుగురిని అడిగితే నాలుగు మాటలు. ఒకరు కంపెనీ పార్టులే వేయమన్నారు. ఒకరు కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకబ్జర్ సెట్) వేసి కారును కిందికి దించేయమన్నారు. ఇంకొకరు పాత షాకబ్జర్లలో ఆయిల్ మార్పిస్తే చాలన్నారు. ఇంట్లో చేస్తానంటే అందరూ ఒకేలా భయపెట్టారు. చివరికి ముందువైపు మొత్తం, వెనక షాకబ్జర్లు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే మార్చాను, రెండు పనులు తప్ప. ఆ రెండింటికీ ఆటోనగర్ వెళ్ళాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను. మీది ఫియెస్టా 1.6 ఎస్ అయినా, పాలియో 1.6 అయినా, పాత సిటీ వీటెక్ అయినా పార్టు నంబర్లు వేరు, ఆలోచించే పద్ధతి మాత్రం ఇదే.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, నిజంగా ఏది అరిగింది? చాలామంది చప్పుడు వినగానే షాకబ్జర్లు కొంటారు. చప్పుడు చేసేది చాలాసార్లు లింక్ రాడ్ (కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను కలిపే చిన్న కడ్డీ), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద కారుకు కలిపే ఇనుప చేయి) బుష్, అంటే దాని రబ్బరు కీలు, లేదా స్ట్రట్ (ముందు స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన భాగం) పైన ఉండే మౌంట్. షాకబ్జర్ అరిగితే పెద్దగా చప్పుడు ఉండదు. కారు ఊగుతుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక ఒకసారి ఆగాల్సింది రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడుతుంది, టైరు అక్కడక్కడా గిన్నెలా అరుగుతుంది. బానెట్ మీద నొక్కి వదిలి చూసే పరీక్షను నమ్మకండి. బాగా పాడైన షాకబ్జర్ మాత్రమే అక్కడ దొరుకుతుంది. షాకబ్జర్ ఒంటి మీద పల్చటి ఆయిల్ తడి ఉంటే పరవాలేదు, కింద దాకా కారి దుమ్ము పేరుకుపోతే దాని పని అయిపోయినట్టే.

బుష్‌ను చూడాలంటే కారును స్టాండ్ల మీద నిలబెట్టి ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ (ఆర్మ్ బిగించి ఉండే ఇనుప చట్రం) మధ్య ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా మీటండి. రబ్బరు చీలి ఉంటే నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. బ్రేక్ వేసినప్పుడు ఒక పక్కకు లాగడానికి ఈ కారులో ఎక్కువసార్లు కారణం ఆర్మ్ వెనక బుష్. నా కారులో ఎడమ వైపుది దాదాపు రెండు ముక్కలైంది. బాల్ జాయింట్ (ఆర్మ్‌కూ చక్రానికీ మధ్య గుండ్రటి కీలు) కోసం చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. పక్కలకు ఊపితే ఆడుతుంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) మీద అనుమానం. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ మోగుతోందంటే టాప్ మౌంట్ బేరింగ్.

రెండోది, కారు ఎక్కడ తిరుగుతుంది? బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద, గుంటూరు హైవే మీద కారు హాయిగానే వెళ్తుంది. దిగి కాలనీలోకి వస్తే పెయింట్ వేయని స్పీడ్ బ్రేకర్లు, డ్రైనేజీ కోసం తవ్వి సరిగా పూడ్చని అడ్డగీతలు. మన కారు రోజులో ఎక్కువసేపు ఈ రెండో రోడ్డు మీదే ఉంటుంది.

మూడోది, ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ళు, తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి రెన్యువల్. 2005 కారుకు 2020లో ఒకసారి, 2025లో మళ్ళీ. ఇంకో ఐదేళ్ళు నడుపుతానని రెన్యువల్ చేయించినవారికీ, ఏడాదిలో అమ్మేవారికీ ఒకే సలహా చెప్పకూడదు.

నాలుగోది పార్టు దొరకడం. ఇక్కడ ఆక్టావియా వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. దీని అడుగు భాగం నాలుగో తరం గోల్ఫ్, మొదటి తరం ఆడి ఏ3, ఆడి టీటీలతో ఉమ్మడి. ప్రపంచమంతా ఆ కార్లు లక్షల్లో తిరిగాయి కాబట్టి మంచి కంపెనీలన్నీ వీటికి పార్టులు చేస్తాయి. అయితే ఆర్‌ఎస్ స్ప్రింగూ మామూలు డీజిల్ ఆక్టావియా స్ప్రింగూ ఒకటి కాదు. డిక్కీలోనో సర్వీస్ బుక్‌లోనో ఉండే కోడ్ల స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి, స్ప్రింగ్ మీద పెయింట్ చుక్కల రంగులు కూడా రాసుకోండి. దుకాణంలో 'ఆక్టావియా షాకబ్జర్' అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తే అది ఇస్తారు.

## ఐదు దారులు

కంపెనీ పార్టులు. స్కోడా పెట్టెలో వచ్చేవి. సరిగ్గా కూర్చుంటాయి, కొత్త కారు నడక తిరిగొస్తుంది, ఆ విషయంలో అనుమానం లేదు. కానీ ఆర్‌ఎస్‌కు సంబంధించినవి అన్నీ ఒకేసారి దొరకవు, ఒకటి రెండు వారాల్లో వస్తే ఇంకొకటి నెలలు పడుతుంది. పైగా షాకబ్జర్ కానీ ఆర్మ్ కానీ కారు కంపెనీ తయారుచేయదు, చేసేవాళ్ళ దగ్గర కొంటుంది. ఆ చేసేవాళ్ళ పెట్టెలోనే అదే స్థాయి సరుకు తక్కువకు వస్తున్నప్పుడు ఎక్కువ ఇవ్వడం నాకు నచ్చలేదు. ఒక్క మినహాయింపు బోల్టులు, నట్లు. అవి మాత్రం కంపెనీవే తీసుకోండి. కారణం తర్వాత చెబుతాను.

మంచి ఆఫ్టర్‌మార్కెట్. అంటే పార్టు చేసేవాళ్ళే తమ పెట్టెలో అమ్మేది. నేను ఎంచుకున్నది ఇదే. షాకబ్జర్లలో సాక్స్, కేవైబీ ఎక్సెల్‌-జి, బిల్‌స్టీన్ బి4, మన్రో ఈ కోవలోవి. ఆర్మ్‌లు, బాల్ జాయింట్లలో లెమ్‌ఫోర్డర్. సాక్స్, లెమ్‌ఫోర్డర్ రెండూ జర్మనీలోని జెడ్ఎఫ్ సంస్థవి. ఇవన్నీ కారు పుట్టినప్పటి గుణాన్ని దాదాపు అలాగే తెచ్చేవి, దాన్ని మార్చేవి కావు. మన రోడ్డుకు అదే కావాలి. చిక్కు ఎక్కడంటే నకిలీలు. పెట్టె, హోలోగ్రామ్ చూసి సంతోషపడొద్దు. పార్టు మీద చెక్కిన నంబరూ, పెట్టె మీద నంబరూ ఒకటేనా చూడండి. వెల్డింగ్ నీట్‌గా ఉందా, రబ్బరు మీద గోరుతో నొక్కితే పొడి రాలుతోందా చూడండి. నాకు మొదట వచ్చిన ఒక ఆర్మ్‌లో బుష్ పక్కకు ఒరిగి ఉంది, వెనక్కి పంపేశాను.

దేశీ కార్లకైతే గాబ్రియేల్ షాకబ్జర్లు, రానే బాల్ జాయింట్లు మన దగ్గరే తయారవుతాయి, ఊళ్ళో సులభంగా దొరుకుతాయి. మీ మోడల్‌కు ఉన్నాయేమో ముందు అడగండి. ఉంటే విదేశీ పేరు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఎత్తు అదే, పట్టు ఎక్కువ. బిల్‌స్టీన్ బి6, కోని స్పెషల్ యాక్టివ్ లాంటివి. మీ స్ప్రింగులు అవే ఉంచి షాకబ్జర్ మాత్రం మెరుగైనది వేయడం. బి6 ఒకే గొట్టం ఉన్న రకం. లోపల గ్యాస్‌నూ ఆయిల్‌నూ ఒక పిస్టన్ విడదీస్తుంది, అందుకే మలుపుల్లో ఎంతసేపు పనిచేసినా ఆయిల్ నురగ కట్టదు. కోనిది ఇంకో తీరు: చక్రం చిన్నగా, వేగంగా అదిరితే మెత్తగా ఉంటుంది, ఒళ్ళు మెల్లగా ఒరిగితే గట్టిపడుతుంది. వెల్లటూరు నుంచి వచ్చే గతుకుల రోడ్డూ కావాలి, కోటప్పకొండ ఘాట్ మలుపులూ కావాలి అనుకునేవారికి కోని ఆలోచన బాగా సరిపోతుంది. డబ్బు ఎక్కువ, తెప్పించుకోవడానికి ఓపిక ఎక్కువ. ఒక స్నేహితుడి గోల్ఫ్‌లో బి6 నడిపి చూశాను. హైవే మీద అద్భుతం. కాలనీలో ప్రతి అతుకూ నడుముకు తెలిసింది.

బి8 అని ఇంకొకటి ఉంది, పొరపాటున అది తెప్పించకండి. పొట్టి స్ప్రింగుల కోసం పొడవు తగ్గించి చేసినది అది, మామూలు ఎత్తు స్ప్రింగుకు కాదు.

కాయిలోవర్లు. ఎత్తు తగ్గించుకునే మరలు ఉన్న సెట్. ఫోటోల్లో కారు అందంగా కనిపిస్తుంది, నాకూ ఆశ పుట్టింది, దాచను. కానీ ఈ ఊళ్ళో ఆయిల్ సంప్‌కూ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) స్పీడ్ బ్రేకర్‌కూ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాను నా చేత్తో తగ్గించుకోవాలా? కారు కిందికి దిగితే షాకబ్జర్ కదలడానికి ఉన్న దూరం తగ్గుతుంది, గుంటలో బంప్ స్టాప్ (చివర్లో దెబ్బ ఆపే దిమ్మ) మీద కూర్చుంటుంది. లోయర్ ఆర్మ్ కోణం మారుతుంది, డ్రైవ్ షాఫ్ట్ కోణం కూడా. చవక సెట్లలో మరలకు రెండు వర్షాకాలాల్లో తుప్పు పట్టి ఎత్తు మార్చడమే కుదరదు, అంటే దేనికోసం కొన్నామో ఆ పనే పోతుంది. ఇలాంటి మార్పు చేస్తే బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కు ఏడాదిలో నాలుగైదుసార్లు తీసుకెళ్ళేవారు, ఇంట్లో రోజువారీకి వేరే బండి ఉన్నవారు మంచి కంపెనీ సెట్ వేసుకోవచ్చు. మిగతావారికి నేను వద్దనే చెబుతాను.

పాతవి, రీకండిషన్. ఆటోనగర్‌లో షాకబ్జర్ కోసి, ఆయిల్ సీల్ మార్చి, మళ్ళీ వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్ళున్నారు. చేతి పనితనం గొప్పదే. లారీలకూ పాత జీపులకూ అది చెల్లుతుంది. గ్యాస్ నింపిన షాకబ్జర్‌కు లోపలి ఒత్తిడి మళ్ళీ సరిగ్గా పెట్టడం, రెండు వైపులా ఒకే గుణం రప్పించడం కష్టం. అమ్మేముందు కారు కదిలేలా ఉంచడానికి తప్ప నేను వేయను. స్క్రాప్ నుంచి తీసిన ఆర్మ్‌లు, నకిల్స్ (చక్రాన్ని మోసే ముక్కలు) వంటి ఇనుప భాగాలు వంకర లేకపోతే తీసుకోవచ్చు. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు చాలా బళ్ళు నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి బండి నుంచి వచ్చిన బాల్ జాయింట్ బూటులో బురద నీళ్ళు చేరి ఉంటాయి, షాకబ్జర్ కడ్డీ మీద సన్నటి తుప్పు చుక్కలుంటాయి. ఆ చుక్క సీల్‌ను నెలలోపే కోసేస్తుంది. కడ్డీని పూర్తిగా బయటికి లాగి వెలుతురులో తిప్పి చూడండి.

| దారి | కాలనీ రోడ్డు మీద | మలుపుల్లో | కారు ఎత్తు | ఖర్చు | దొరకడం |
|---|---|---|---|---|---|
| కంపెనీ పార్టులు | హాయి | బాగుంటుంది | అదే | ఎక్కువ | ఆలస్యం |
| మంచి ఆఫ్టర్‌మార్కెట్ | హాయి | బాగుంటుంది | అదే | మధ్యస్థం | పర్లేదు |
| బి6 | గట్టి | చాలా బాగుంటుంది | అదే | చాలా ఎక్కువ | తెప్పించుకోవాలి |
| కోని స్పెషల్ యాక్టివ్ | హాయి | చాలా బాగుంటుంది | అదే | చాలా ఎక్కువ | తెప్పించుకోవాలి |
| కాయిలోవర్లు | కష్టం | సెట్టింగ్‌ను బట్టి | తగ్గుతుంది | చవక నుంచి చాలా ఎక్కువ దాకా | తెప్పించుకోవాలి |
| రీకండిషన్ | చెప్పలేం | చెప్పలేం | అదే | తక్కువ | వెంటనే |

## రబ్బరు సంగతి

షాకబ్జర్ గురించి గంటలు చర్చించి, బుష్‌లను 'ఏవో ఒకటి' అని వదిలేస్తారు. పాత కారులో తేడా తెచ్చేది ఎక్కువగా ఇవే. మన ఎండకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది, తర్వాత పగులుతుంది. కారు తక్కువ తిరిగిందని మురిసిపోకండి, రబ్బరుకు కిలోమీటర్లకంటే ఏళ్ళ లెక్క ఎక్కువ.

ఆర్మ్ మొత్తం కొత్తది కొనాలా, పాత ఆర్మ్‌లో బుష్ మాత్రం నొక్కించాలా? కొత్త ఆర్మ్ కొంటే పని సగం తగ్గుతుంది, విప్పడం, పెట్టడం అంతే. కానీ చవక ఆర్మ్‌లో వచ్చే బుష్ నాసిరకం, ఏడాది తిరక్కుండానే మళ్ళీ 'టక్'. నా లెక్క ఇది: ఆర్మ్ ఇనుము వంకర లేకుండా, తుప్పు తినకుండా ఉంటే మంచి కంపెనీ బుష్ కొని పాత ఆర్మ్‌లోనే నొక్కించండి. తుప్పు లోతుగా పోయినా, ఎక్కడైనా గుద్దుకున్న గుర్తున్నా మంచి కంపెనీ ఆర్మ్ మొత్తం తీసుకోండి. పేరులేని ఆర్మ్ మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. బ్రేక్ వేసినప్పుడు చక్రాన్ని పట్టి ఉంచేది అదే.

బుష్ రకం విషయానికొస్తే, ఆక్టావియా వెనక బుష్‌లో మధ్యలో ఖాళీలుంటాయి, అదురును మింగడానికి. అదే జాగాలో ఆడి టీటీ బుష్ కూడా పడుతుంది, అది నిండుగా ఉంటుంది. స్టీరింగ్ మాట వెంటనే వింటుంది, రోడ్డు అదురు కొంచెం ఎక్కువ తెలుస్తుంది. నేను టీటీ బుష్ వేశాను, చేసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు అదే. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువకాలం ఉంటాయి, చేత్తోనే కూర్చోబెట్టుకోవచ్చు. కానీ వాటిలోపల గ్రీజు ఆరిపోతే కీచుమంటాయి, మన దుమ్ములో అది త్వరగానే జరుగుతుంది. అమ్మానాన్నలను గుడికి తీసుకెళ్ళే కారులో ఆ చప్పుడు భరించలేం.

## ఇంట్లోనా, ఆటోనగర్‌లోనా

ఇది రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు. సస్పెన్షన్ పనిలో విప్పి బిగించేవి కొన్ని, బలంగా నొక్కేవి కొన్ని. మొదటివి ఇంట్లో నిదానంగా చేస్తే షెడ్డులోకంటే బాగా వస్తాయి, ఎందుకంటే మన కారు మీద మనకున్నంత ఓపిక ఎవరికీ ఉండదు. నొక్కుడు పనులు మాత్రం యంత్రం ఉన్నచోటే చేయించాలి.

స్ప్రింగ్ నొక్కడం అందులో మొదటిది. ముందు స్ట్రట్‌లో స్ప్రింగ్ ఎప్పుడూ నొక్కి ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే రెండు కొక్కేల చవక సాధనం ఒక పక్క జారితే ఆ స్ప్రింగ్ మనిషిని చంపగలదు. ఈ మాట మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. నేను స్ట్రట్‌లు రెండూ ఇంట్లో విప్పి, పాత దుప్పట్లో చుట్టి ఆటోలో ఆటోనగర్ పట్టుకెళ్ళాను. గోడకు బిగించిన ప్రెస్సు మీద పెద్దాయన గంటలోపే రెండింటికీ కొత్త షాకబ్జర్, మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్ వేసిచ్చారు. నేను ఒకవైపుకే మౌంట్ తెచ్చానని చూసి, "అమ్మా, ఒకటి మారిస్తే రెండోది రేపు ఏడుస్తుంది. ఇంకోటి తెచ్చుకో, ఉంటాను" అన్నారు. వెళ్ళి తెచ్చుకున్నాను. ఆయన మాట నిజం, ఒకే ఇరుసు మీద రెండు వైపులా కలిపే మార్చాలి.

రెండోది బుష్ నొక్కడం. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపులో ఇది చిన్న పని. వెళ్ళేముందు పాత బుష్ ఏ దిక్కుకు ఉందో ఆర్మ్ మీద పెయింట్‌తో గీత పెట్టండి. ఖాళీలున్న బుష్ తిరగబడితే పనంతా వృథా. కొత్త బుష్‌లను ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే కొంచెం సులువుగా కూర్చుంటాయి.

| పని | ఎక్కడ | ఎందుకు |
|---|---|---|
| వెనక షాకబ్జర్లు | ఇంట్లో | పైన రెండు బోల్టులు, కింద ఒకటి. స్ప్రింగ్ వేరుగా ఉంటుంది |
| లింక్ రాడ్లు | ఇంట్లో | తుప్పు తప్ప అడ్డంకి లేదు |
| లోయర్ ఆర్మ్ విప్పడం, పెట్టడం | ఇంట్లో | టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) తప్పనిసరి |
| బాల్ జాయింట్ | ఇంట్లో | పుల్లర్ (కీలును ఊడదీసే సాధనం) ఉంటే |
| స్ట్రట్ విప్పడం, పెట్టడం | ఇంట్లో | నకిల్ చీలికను తెరిచే బిట్టు కావాలి |
| స్ప్రింగ్ మార్చడం | ఆటోనగర్ | ప్రాణాపాయం |
| ఆర్మ్ బుష్‌లు | ఆటోనగర్ | ప్రెస్ కావాలి |
| స్టెబిలైజర్ బార్ బుష్‌లు | షెడ్డులో | సబ్‌ఫ్రేమ్ కొంచెం దించాలి |
| వెనక బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలం) బుష్‌లు | షెడ్డులో | లిఫ్ట్, ప్రత్యేక సాధనం కావాలి |

కొత్తవారు వెనక షాకబ్జర్లతో మొదలుపెట్టండి. ఒక్కో వైపు విడిగా చేయండి, బోల్టు తీసేముందు బీమ్ కింద జాకీ ఆనించండి. ఆ పని ఒక ఆదివారం పొద్దున్న అయిపోతుంది, చేతికి ధైర్యం వస్తుంది. ముందువైపు నాకు రెండు వారాంతాలు పట్టింది. ఎండాకాలమైతే ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేయండి. చెమట చేతికి పానా జారితే వేలు పోతుంది.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేవారికి ఇంకో మాట. టైల్స్ మీద జాకీ స్టాండ్ నేరుగా పెడితే టైల్ పగిలి స్టాండ్ ఒరుగుతుంది. కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. వాలుగా ఉన్నచోట అసలు వద్దు. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే, దాని మీద నమ్మి కారు కిందికి దూరకండి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టి ఉంచండి.

## బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే అంతకు ముందు ఒక షెడ్డులో వేయించిన బుష్‌లు నాకు ఎనిమిది నెలల్లో చీలాయి. తర్వాత తెలిసింది, కారు గాలిలో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు బిగించేశారు.

రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో కదలకుండా పట్టుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేల మీద దిగగానే రబ్బరు మెలిపడే ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడే మెలి, గుంటలో పడితే ఇంకా మెలి. ఎంత ఖరీదైన బుష్ అయినా ఆగదు.

కాబట్టి కారు ఎత్తకముందే నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. కొత్త ఆర్మ్ పెట్టి బోల్టులు వదులుగా ఉంచండి. జాకీతో ఆర్మ్‌ను పైకి లేపి ఆ కొలత మళ్ళీ వచ్చాక అప్పుడు బిగించండి. ఈ కారులో ఆర్మ్ బోల్టులు 70 న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. అలా తిప్పినప్పుడు బోల్టు సాగుతుంది, అందుకే ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదు. బోల్టులు కంపెనీవే కొనమన్నది ఇందుకే. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లు. వేరే కారైతే మీ సర్వీస్ మాన్యువల్ అంకెలు చూడండి, అంచనాతో వద్దు.

ఇంకో రెండు చిన్న విషయాలు. కొత్త షాకబ్జర్‌ను బిగించేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి లాగండి, లోపలి గాలి సర్దుకుంటుంది. కడ్డీని ఎప్పుడూ ప్లయర్‌తో పట్టుకోవద్దు, ఒక్క గీత పడితే సీల్ పోయినట్టే.

## మీరెవరైతే ఏది

రోజూ గుంటూరు–విజయవాడ మధ్య తిరిగేవారు, కారును ఇంకో ఐదేళ్ళు ఉంచుకునేవారు మంచి ఆఫ్టర్‌మార్కెట్ షాకబ్జర్లు, మంచి రబ్బరు బుష్‌లు, కొత్త మౌంట్లు, లింకులు అన్నీ ఒకే విడతలో వేసేయండి. విడతలు విడతలుగా చేస్తే ప్రతిసారీ అదే విప్పాలి, అదే అలైన్‌మెంట్ చేయించాలి. డబ్బు చాలకపోతే ఇరుసుల వారీగా విడదీయండి: ఇప్పుడు ముందు, ఆరు నెలలకు వెనక. ముందువైపులో సగం ఇప్పుడు, సగం తర్వాత అని మాత్రం వద్దు.

వారాంతం మాత్రమే తీసి శ్రీశైలం ఘాట్ ఎక్కేవారికి కోని, లేదా నడుము ఒప్పుకుంటే బి6. టీటీ తరహా బుష్ కూడా జోడించండి. ముందు బుష్‌లు మార్చి ఒక నెల నడిపి, ఇంకా కావాలనిపిస్తేనే ఖరీదైన షాకబ్జర్ కొనండి. అరిగిన బుష్ మీద ఎంత మంచి షాకబ్జర్ వేసినా దాని రుచి తెలియదు.

ఏడాదిలో అమ్మేవారు బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, చీలిన బుష్ వరకు మార్చండి. ఇవి కొనేవారి ప్రాణానికి సంబంధించినవి, వాటిని దాచి అమ్మకూడదు. షాకబ్జర్లు కారుతుంటే ధరలో తగ్గించి ఆ మాట చెప్పేయండి.

టార్క్ రెంచ్, మంచి స్టాండ్లు, పుల్లర్ కొనడానికి ఇష్టం లేనివారు పని మొత్తం షెడ్డుకే ఇచ్చేయండి. పార్టులు మాత్రం మీరే కొని ఇవ్వండి, ఆర్మ్ బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించమని దగ్గరుండి అడగండి. అలా అడిగితే మంచి మెకానిక్ ఏమీ అనుకోడు.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ అదే వారంలో చేయించండి. అయితే ఒక యాభై అరవై కిలోమీటర్లు నడిపాకే, స్ప్రింగులు కూర్చున్నాక. చేసేముందు అంకెలు, చేశాక అంకెలు రెండూ కాగితం మీద అడిగి తీసుకోండి. స్టీరింగ్ తిన్నగా ఉందా అన్నది ఒక్కటే చూసి పంపేస్తుంటారు. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్‌తో అడ్డంగా ఒక గీత పెట్టండి. 500 కిలోమీటర్లకు ఒకసారి టార్చ్ వేసి చూసి, గీత చెదిరిన బోల్టు ఏదైనా ఉంటే ఆ రోజు కారు కదపకుండా దాన్ని తీసి కొత్తది వేయండి.